పద్దెనిమిది మీటర్ల మర్యాద

మామూలు విహారయాత్రలో ప్రతిదీ బేరానికి లొంగుతుంది. హోటల్ గది, టాక్సీ, లేచే వేళ, తినే వేళ, చూడాల్సినవి, వదిలేయాల్సినవి. నాలుగు రోజుల్లో బ్యాంకాక్, పట్టాయా, ఫుకెట్ మూడూ చుట్టేసి వచ్చేవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో. ఒకరోజు తగ్గితే ఒక ఊరు తగ్గించుకుంటాం, ఆలస్యమైతే భోజనం కారులోనే కానిచ్చేస్తాం. సర్దుకుపోవడంలో మనకున్న నేర్పు చిన్నదేమీ కాదు, దాన్ని నేను తక్కువ చేయను. అయితే స్కూబా డైవింగ్ కోసం థాయ్‌లాండ్ వెళ్దామని కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాక ఆ నేర్పుకు పని లేని చోటు ఒకటుందని తెలిసింది. ఎంత లోతుకు దిగాలి, ఎంతసేపు ఉండాలి, ఎంత నెమ్మదిగా పైకి రావాలి, ఏ నెలలో వెళ్ళాలి, చివరి రోజు ఏం చేయకూడదు, ఇవన్నీ నన్ను అడక్కుండానే నిర్ణయమైపోయి ఉన్నాయి. నాకు మిగిలింది తెలుసుకుని తలవంచడమే. ఆ తలవంచడం నాకు ఎంతో హాయిగా అనిపించింది. ఎందుకలా అనిపించిందో చెప్పుకోవాలని ఉంది.

ముందు గాలి సంగతి. నీళ్ళలో దిగే ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణపు ఒత్తిడి అదనంగా మీద పడుతుంది. ఒడ్డున మన మీద ఉన్నది ఒకటి, పది మీటర్ల లోతున రెండు, ఇరవై దగ్గర మూడు. ఒత్తిడి పెరిగినకొద్దీ వాయువు కుంచించుకుపోతుందని రాబర్ట్ బాయిల్ 1662లో చెప్పిన సూత్రాన్ని బడిలో వల్లె వేసి, పరీక్ష అవగానే మరిచిపోయాం. ఇక్కడ అది ప్రాణానికి సంబంధించిన లెక్కగా మళ్ళీ ఎదురవుతుంది. మామూలుగా వాడే అల్యూమినియం సిలిండర్‌లో సుమారు 2,200 లీటర్ల గాలి పడుతుంది. (అందులో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. మనం పీల్చే మామూలు గాలినే వడగట్టి, తేమ తీసి, 200 బార్ల ఒత్తిడితో నింపుతారు.) నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అది నీటి పైన గంటా యాభై నిమిషాలు వస్తుంది. పది మీటర్ల లోతున యాభై అయిదు నిమిషాలే. ఇరవై మీటర్ల దగ్గర ముప్పై ఆరో, ముప్పై ఏడో. అందులోనూ చివరి 50 బార్లు వాడుకోవడానికి లేదు, నీటి పైకి చేరేసరికి సిలిండర్‌లో మిగిలి ఉండాలి. కంగారుపడి గబగబా పీలిస్తే ఈ లెక్క ఇంకా తగ్గిపోతుంది. ఒకే పడవలోంచి ఒకేలాంటి సిలిండర్లతో దూకిన ఇద్దరిలో నెమ్మదిగా ఊపిరి తీసేవాడు ఎక్కువసేపు ఉంటాడు. కండబలం అక్కడ అక్కరకు రాదు.

ఈ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ కథ కూడా బాగుంటుంది. 1943లో, యుద్ధం మధ్యలో, ఫ్రాన్స్‌లో జాక్ కూస్టో అనే నౌకాదళ అధికారి, ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి దాన్ని రూపొందించారు. పెట్రోలు దొరకని ఆ రోజుల్లో కార్లను గ్యాస్ మీద నడపడానికి గాన్యాన్ ఒక కవాటం తయారుచేశాడు. ఇంజన్ అడిగినప్పుడు, అడిగినంతే గ్యాస్ ఇస్తుందది. దాన్నే మనిషి ఊపిరికి మలిచారు. పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపడా గాలి ఇస్తుంది.

హైదరాబాద్‌లో ఈత కొలనులో శిక్షణ మొదలుపెట్టినప్పుడు మా గురువు అన్నిటికంటే గట్టిగా చెప్పినది ఒకటే: ఊపిరి బిగబట్టొద్దు. గోదావరిలోనైనా, ఊరి చెరువులోనైనా మునగడమంటే ముక్కు మూసుకుని ఊపిరి బిగబట్టడమే మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన విద్య. స్కూబాలో అది ప్రాణాంతకం. పది మీటర్ల లోతున ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, బిగబట్టి పైకి వస్తే, ఒత్తిడి సగమై ఆ గాలి రెండింతలవుతుంది. ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. లోతు కూడా అక్కర్లేదు, మీటరున్నర నీళ్ళలోంచి పైకి లేచినా ఆ ప్రమాదం ఉంది. అందుకే నీటి కింద ఉన్నంతసేపూ పీలుస్తూ, వదులుతూనే ఉండాలి. యాభై ఏళ్ళ ఒంటికి పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు మాన్పించడం ఏమంత తేలిక కాదు. ఆ మాన్పించడంలోనే నాకు ఈ విద్య మీద గౌరవం పుట్టింది.

రెండో ప్రమాదం కంటికి కనిపించదు. గాలిలో అయిదింట నాలుగు వంతులకు కాస్త తక్కువగా ఉన్న నైట్రోజన్, ఒత్తిడి కింద రక్తంలోకి, కండలోకి, కొవ్వులోకి కరుగుతుంది. నెమ్మదిగా పైకి వస్తే అదే నెమ్మదిగా ఊపిరితో బయటికి పోతుంది. తొందరపడితే గోలీసోడా కొట్టినట్టు ఒంట్లోనే బుడగలు కడుతుంది. ఈ సంగతి తెలియక ముందు ఎందరు కుంగిపోయారో. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెనకు నది అడుగున పునాదులు తవ్వినప్పుడు, ఒత్తిడి పెట్టిన గాలి గదుల్లో పనిచేసి పైకొచ్చిన కూలీలు కీళ్ళ నొప్పులతో మెలికలు తిరిగిపోయారు. కట్టడానికి పెద్ద ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో అదే జబ్బుతో పడిపోయాడు. ఆ తర్వాత వంతెన పని అతని భార్య ఎమిలీ చేతుల మీదుగా సాగింది. 1878లో పాల్ బెర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కారణం నైట్రోజన్ బుడగలేనని చూపించాడు. 1908లో జాన్ స్కాట్ హాల్డేన్ బ్రిటిష్ నౌకాదళం కోసం మేకల మీద ప్రయోగాలు చేసి, ఎంత లోతు నుంచి ఎక్కడెక్కడ ఆగుతూ పైకి రావాలో పట్టికలు రాశాడు. ఈనాడు డైవర్ చేతికి గడియారంలా కట్టుకునే చిన్న కంప్యూటర్‌లో నడిచేది ఆ లెక్కల వంశమే. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రావాలి. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. పైన ఎండ, పడవ కనిపిస్తూనే ఉంటాయి. అయినా ఆగాలి.

ఇప్పుడు నా కాగితం మీదికి వస్తాను. కొత్తగా నేర్చుకున్నవాడికి ఇచ్చే ఓపెన్ వాటర్ యోగ్యతా పత్రం 18 మీటర్ల వరకే పనికొస్తుంది. శిక్షణ లేకుండా సరదాగా ఒకసారి చూపించే డైవ్‌కు హద్దు 12 మీటర్లు. నేను వెళ్దామనుకుంటున్న కో తావ్, ఒకప్పుడు రాజకీయ ఖైదీలను ఉంచిన చిన్న దీవి. ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ డైవింగ్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళతో నిండి ఉంటుంది. దాని పక్కనే సముద్రం అడుగున సత్తకుట్ అనే ఓడ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాడిన ఆ ఓడ తర్వాత థాయ్ నౌకాదళంలో చేరింది. 2011లో చేపలకూ పగడాలకూ ఆవాసంగా ఉంటుందని కావాలనే ముంచారు. అది దాదాపు ముప్పై మీటర్ల లోతున ఉంది, కాబట్టి నాకు కాదు. అండమాన్ సముద్రం వైపు రిషెల్యూ రాక్ అనే మునిగిన శిల ఉంది, వేల్ షార్క్ అనే మహామత్స్యం ఆ చుట్టుపక్కలకు వస్తుందని దూరదేశాల వాళ్ళు వెళ్తారు. అక్కడి ప్రవాహాలు కొత్తవాడికి కాదు. రెంటినీ కాగితం మీదనుంచి కొట్టేశాను. కొట్టేసినప్పుడు కాస్త బాధ కలిగింది. అయినా మిగిలినదాన్ని చూస్తే తక్కువేమీ లేదు. వైట్ రాక్, నాంగ్ యువాన్ పక్కనున్న జపనీస్ గార్డెన్స్, వెలుగు బాగా అందే లోతులు, చిలకచేపలు పగడాన్ని కొరుకుతుంటే చెవికి వినిపించేంత దగ్గర. అక్కడే ట్రిగ్గర్ ఫిష్ అనే పెద్ద చేప ఉంటుంది. గుడ్లు పెట్టిన రోజుల్లో గూడు పైన గరాటు ఆకారంలో, పైకి వెళ్ళేకొద్దీ వెడల్పయ్యే నీటి మేర అంతా తనదే అనుకుంటుంది. అందులోకి వెళ్తే మీదికి వస్తుంది. తప్పించుకోవడానికి పైకి ఈదితే ఇంకా దాని ఇంట్లోకే వెళ్తున్నట్టు, పక్కకు జరగాలి. ఇవన్నీ వెళ్ళకముందే తెలుసుకోవాల్సిన మర్యాదలు.

ఇక నెల సంగతి. థాయ్‌లాండ్ దక్షిణ భాగం సన్నటి మెడలా ఉంటుంది, పడమట అండమాన్ సముద్రం, తూర్పున థాయ్‌లాండ్ సింధుశాఖ. మనకు జూన్‌లో తొలకరి తెచ్చే నైరుతి రుతుపవనమే అక్కడి పడమటి తీరాన్ని మే నుంచి అక్టోబర్ దాకా అల్లకల్లోలం చేస్తుంది. అందుకే సిమిలన్ దీవుల జాతీయ ఉద్యానాన్ని మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు ఏటా మూసేస్తారు. మన నెల్లూరుకు వానలు ఇచ్చే ఈశాన్య గాలే అటు తూర్పు తీరంలో కో తావ్ చుట్టూ వానలు కురిపిస్తుంది, నవంబర్‌లో అక్కడ నీళ్ళు మసకబారుతాయి. రెండు తీరాలకూ రెండు పంచాంగాలు. మార్చి, ఏప్రిల్‌ నెలల్లో రెండు వైపులా సముద్రం శాంతంగా ఉంటుంది. సెలవులు మేలో దొరుకుతాయి కాబట్టి మేలోనే సిమిలన్ వెళ్దాం అనడానికి లేదు. మన సెలవులతో రుతుపవనానికి పని లేదు.

నేను మార్చి అనుకుంటున్నానని, చుంపోన్ అనే ఊరి నుంచి కో తావ్‌కు పడవ ఎక్కాలని మా అమ్మకు చెప్పాను. మాది కావలి వైపు. 1989 నవంబర్ తుపాను రాత్రి ఆమెకు ఇప్పటికీ నిన్నటిలాగే గుర్తు. ఆ తుపానుకు ప్రపంచం పెట్టిన పేరు గే. అది థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టింది, నవంబర్ 4న చుంపోన్‌ను పడగొట్టింది, ఆ సన్నటి మెడను దాటి, బంగాళాఖాతంలో మళ్ళీ బలం పుంజుకుని, కావలి దగ్గర మన తీరం మీద పడింది. సింధుశాఖలో సీక్రెస్ట్ అనే చమురు తవ్వే ఓడను బోర్లా పడేసి 91 మందిని బలితీసుకుంది కూడా అదే.

"ఏం అబ్బయా, ఆ గాలి లేచొచ్చిన ఊరికా నువ్వు పోయేది?" అంది అమ్మ.

"అదే ఊరమ్మా. నవంబర్‌లో పోను, మార్చిలో పోతా."

"సముద్రం మాట వింటావు గదా?"

"వినకపోతే దిగనే దిగనియ్యరమ్మా."

ఆమె ఇంకేమీ అడగలేదు. తీరంలో పుట్టిన మనిషి అడగాల్సిన ప్రశ్న అదొక్కటే అని నాకనిపిస్తుంది. మన వేటపాలెం, జువ్వలదిన్నె గంగపుత్రులు పొద్దున్నే నీటి రంగు చూసి వల తీయాలో వద్దో నిర్ణయించుకుంటారు. నేను కాగితాలు ముందేసుకుని కష్టపడి నేర్చుకుంటున్నది ఆ తెలివిలో చాలా చిన్న భాగం.

ఆ తెలివి పూర్తిగా ఒంట్లో ఇంకిపోయినవాళ్ళు అండమాన్ సముద్రపు సురిన్ దీవుల్లో ఉన్నారు. మోకెన్ అనే సముద్ర జాతి. తరతరాలుగా పడవల్లో బతికినవాళ్ళు. వాళ్ళ పిల్లలు మాస్కు లేకుండా నీటి అడుగున గవ్వలు, సముద్రపు దోసకాయలు ఏరుకొస్తారు. ఐరోపా పిల్లలకంటే వాళ్ళకు నీటిలో చూపు రెండింతలకు పైగా స్పష్టంగా ఉంటుందని స్వీడన్ శాస్త్రవేత్త ఆనా గిస్లేన్ 2003లో ప్రచురించింది. నీళ్ళలో వాళ్ళు కంటిపాపను బాగా చిన్నది చేసుకోగలుగుతారు. తర్వాత ఐరోపా పిల్లలకు సాధన చేయిస్తే వాళ్ళకూ ఆ చూపు అబ్బింది. అంటే పుట్టుకతో వచ్చిన వరం కాదు, నీళ్ళతో చెలిమి వల్ల వచ్చింది. 2004 డిసెంబర్ 26 ఉదయం సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోయినప్పుడు, పెద్దలు చెప్పిన ‘లబూన్’ అనే మనుషుల్ని తినే అల కథ గుర్తొచ్చి సురిన్ మోకెన్లు గుట్ట ఎక్కారు, బతికారు. అదే ఉదయం వాళ్ళకు దక్షిణంగా ఉన్న ఖావ్ లాక్‌లో హోటళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. థాయ్‌లాండ్ మొత్తం మీద అయిదు వేలమందికి పైగా పోయారు. అదే అల మన కోస్తాకూ వచ్చి, వందమందికి పైగా ప్రాణాలు తీసింది. థాయ్‌లాండ్ మనకు విహారస్థలం మాత్రమే అనుకోవడం నాకు అందుకే నచ్చదు. ఒకే నీటికి అటు గట్టున వాళ్ళు, ఇటు గట్టున మనం.

ఆ నీళ్ళు ఇప్పుడు వేడెక్కుతున్నాయి. మామూలు వేసవి వేడికంటే ఒక్క డిగ్రీ పెరిగి, కొన్ని వారాలు అలాగే నిలిస్తే చాలు, పగడం తనలో ఉండి తిండి పెట్టే సూక్ష్మ శైవలాలను బయటికి నెట్టేస్తుంది. రంగు పోయి తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చచ్చిపోతుంది. 2010లో అండమాన్ సముద్రంలో అలా జరిగాక, 2011 మొదట్లో థాయ్ ప్రభుత్వం పద్దెనిమిది డైవింగ్ స్థలాలను మూసేసింది. మాయా బే అనే అఖాతం ఒక హాలీవుడ్ సినిమా తర్వాత జనంతో నలిగిపోతే, 2018లో మూసి 2022 జనవరి వరకు తెరవలేదు. మనుషులు లేని ఆ కాలంలో నల్లమొన రెక్కల సొరచేపలు అక్కడికి తిరిగొచ్చాయి. పగడానికి హాని చేసే నాలుగు రసాయనాలున్న సన్‌స్క్రీన్‌లను 2021 నుంచి జాతీయ ఉద్యానాల్లో నిషేధించారు. తప్పితే లక్ష బాత్‌ల వరకు జరిమానా. ఈ నిషేధాలను చూసి చిరాకుపడే యాత్రికులున్నారు. నేను మాత్రం ఆ దేశాన్ని ఇందుకే ఎక్కువ గౌరవిస్తాను. డబ్బులు తెచ్చే చోటును మూసేయగలగడం పెద్ద ధైర్యం. నా పెట్టెలో పొడుగు చేతుల ఈత చొక్కా పెట్టుకున్నాను. క్రీమ్ అవసరమే లేదు. పగడం మీద కాలు పెట్టకుండా తేలడం కొలనులోనే నేర్చుకుంటున్నాను, దిగినప్పుడు అదే అన్నిటికంటే ముఖ్యం.

డైవింగ్ మర్యాదల్లో నాకు బాగా నచ్చినవి రెండున్నాయి. ప్రతి డైవర్ సిలిండర్‌కూ నోట్లో పెట్టుకునేవి రెండు ఉంటాయి. రెండోది తన కోసం కాదు, తోడు వచ్చినవాడి గాలి అయిపోతే ఇవ్వడానికి. కంటబడేలా పసుపు రంగులో ఉంటుంది. దిగేముందు ఇద్దరూ ఒకరి పట్టీలు ఒకరు లాగి చూసుకుంటారు, ఒకరి గాలి మీటరు ఒకరు చదువుకుంటారు. నాకు నచ్చిన రెండో మర్యాద, దిగడం వద్దనుకునే హక్కు. ఎవరైనా, ఏ క్షణానైనా, పడవలో ఉన్నా నీటిలో ఉన్నా, బొటనవేలు పైకి చూపిస్తే డైవ్ ఆగిపోతుంది. కారణం అడగరు, నామోషీ లేదు. డబ్బు కట్టాం కదా అని ఎవరూ అనరు. ఇంత మంచి ఆచారం మన పెళ్ళిళ్ళలో, ఉద్యోగాల్లో, చదువుల్లో కూడా ఉంటే ఎంత బాగుంటుందో అని చాలాసార్లు అనిపించింది.

మిగతా ఏర్పాట్లు త్వరగా చెప్పేస్తాను. కో తావ్‌లో కోర్సు మూడు నాలుగు రోజులు పడుతుంది, పదివేల బాత్‌లకు పైనే అవుతుంది. చవకగా ఎవరిస్తారన్నది కాకుండా ఒక్క శిక్షకుడి కింద ఎంతమందిని పెడతారని అడగండి. నియమాల ప్రకారం ఎనిమిదిమంది దాకా పెట్టొచ్చు, నలుగురున్న చోటు మంచిది. ఓపెన్ వాటర్‌కు రెండు వందల మీటర్ల ఈత, పది నిమిషాలు తేలడం రావాలి, కాబట్టి ఈత ముందు ఇక్కడే నేర్చుకోవాలి. మామూలు ప్రయాణ బీమాలో స్కూబా తరచూ ఉండదు, ఒత్తిడి గదిలో చేసే చికిత్స ఖర్చు కూడా అందులో ఉందో లేదో చదువుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది తిరుగు టికెట్. చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. విమానం లోపల గాలి ఒత్తిడి తక్కువగా ఉంటుంది, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ అక్కడ బుడగ కట్టొచ్చు. చివరి రోజు ఖాళీగా ఉంది కదా, పొద్దున్నే ఇంకోసారి దిగుదాం అనిపిస్తుంది. ఆ రోజు ఒడ్డునే ఉండాలి.

చివరగా ఒక్క విన్నపం. కోర్సు మొదలవ్వకముందే మీ చేతికి ఆరోగ్య ప్రశ్నల కాగితం ఒకటి ఇస్తారు. ఉబ్బసం ఉందా, గుండె జబ్బు ఉందా, మూర్ఛ వచ్చిందా, చెవికి శస్త్రచికిత్స జరిగిందా, షుగర్ ఉందా, నలభై అయిదు దాటి పొగ తాగుతారా అని. ఒక్కదానికి ‘అవును’ అని రాసినా డాక్టర్ సంతకం లేకుండా నీళ్ళలోకి దింపరు. అందుకే టికెట్లు వృథా అవుతాయన్న భయంతో చాలామంది అన్నిటికీ ‘లేదు’ అని రాసేస్తారు. బీపీ, షుగర్ ఇంటింటా ఉన్న మనలాంటి చోటు నుంచి వెళ్ళేవాళ్ళకు ఆ ఆశ ఇంకా ఎక్కువ. ఆ కాగితాన్ని ఇక్కడే సంపాదించి, టికెట్ కొనకముందే మీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఆయన వద్దంటే మాస్కు, గొట్టం పెట్టుకుని నీటి పైనే తేలుతూ చూడండి, జపనీస్ గార్డెన్స్‌లో అలా చూసినా చాలా పగడం కనిపిస్తుంది. ఆ ప్రశ్నలకు మాత్రం నిజమే రాయండి.